మందుకు లొంగని పురుగు, కలయికతో పుట్టిన పొగాకు: గుంటూరు పొలాల్లో జీవపరిణామం

గుంటూరు, పల్నాడు ప్రాంతాల పత్తి రైతులకు గులాబీ రంగు పురుగు పాత శత్రువు. ఒక బ్యాక్టీరియా విష జన్యువును చేర్చిన బీటీ విత్తనం వచ్చిన తొలి ఏళ్లలో అది దాదాపు కనిపించకుండా పోయింది. గత దశాబ్దంలో మళ్లీ కాయల్లోకి చేరింది. పైకి పచ్చగా, నిండుగా కనిపించే కాయను చీల్చి చూస్తే లోపల గింజలు తొలిచి ఉంటాయి, దూది రంగు మారి ఉంటుంది. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకుంటున్నప్పుడు పురుగు ఎలా బతికిందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పాఠం మీద కొన్నేళ్లుగా దేశంలో వివాదం నడుస్తోంది. పదో తరగతి సైన్సు పుస్తకంలోని వంశపారంపర్యం, పరిణామం అధ్యాయం నుంచి పరిణామానికి సంబంధించిన భాగాన్ని కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారు చేసే ఎన్‌సీఈఆర్‌టీ తొలగించింది. దాన్ని తిరిగి చేర్చాలని కోరుతూ 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు, సైన్సు కార్యకర్తలు బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. ఆ చర్చంతా కోతి, మనిషి, డార్విన్ అనే మూడు మాటల చుట్టూనే తిరిగింది. పత్తి పురుగు ప్రస్తావన అందులో పెద్దగా రాలేదు. జీవపరిణామం ఏ లెక్కన సాగుతుందో, కొత్త జాతి ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి గుంటూరు పరిసరాల్లో పండే పత్తి, మిరప, పొగాకు పంటలు చాలు.

క్లుప్తంగా

పరిణామం ఒక జీవిలో జరిగే మార్పు కాదు, తరాల వెంట ఒక సమూహంలో జన్యువుల వాటా మారడం. రెండు సమూహాల మధ్య జన్యువుల రాకపోకలు ఆగిపోయి, అవి మళ్లీ కలిసినా సారవంతమైన సంతానం రాని స్థితికి చేరినప్పుడు కొత్త జాతి ఏర్పడినట్టు. దానికి సాధారణంగా లక్షల ఏళ్లు పడుతుంది. మొక్కల్లో మాత్రం కొన్నిసార్లు ఒకటి రెండు తరాలు సరిపోతాయి.

పురుగు మారలేదు, పురుగుల గుంపు మారింది

మందు కొట్టగా కొట్టగా పురుగు దానికి అలవాటు పడిపోతుందన్నది విస్తృతంగా ఉన్న నమ్మకం. మద్యానికో నిద్రమాత్రకో మనిషి శరీరం అలవాటు పడే తీరును చూసి పుట్టిన ఊహ ఇది. పొలంలో జరిగేది వేరు. మందుకు లొంగే పురుగు ఆ మందు తగలగానే చస్తుంది, అలవాటు పడే వ్యవధి దానికి ఉండదు. ఆ మందును తట్టుకోగల పురుగులు కొన్ని ముందే ఆ గుంపులో ఉంటాయి. జన్యువులు ఒక తరం నుంచి మరో తరానికి నకలయ్యేటప్పుడు చిన్న చిన్న తప్పులు దొర్లుతాయి. వాటినే ఉత్పరివర్తనాలు అంటారు. అవి ఏ అవసరాన్నీ చూసి రావు. చాలా వాటి వల్ల లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. కొన్ని కీడు చేస్తాయి. ఎక్కడో ఒకటి, విషం పని చేయాల్సిన చోటును మార్చేసేదో, విషాన్ని విరగ్గొట్టేదో అవుతుంది. మందు లేని కాలంలో ఆ మార్పుకు విలువ ఉండదు. మందు వచ్చిన రోజు నుంచి దాని విలువ బతుకంత అవుతుంది.

ఎంత వేగంగా మారుతుందో ఊహాత్మకమైన ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒక పొలంలో 10,000 పురుగులున్నాయనీ, వాటిలో 10 మాత్రమే మందును తట్టుకోగలవనీ అనుకుందాం. మందు కొట్టినప్పుడు మామూలు పురుగుల్లో నూటికి 95, తట్టుకునే వాటిలో నూటికి 10 చస్తాయనుకుందాం. మొదటి తరంలో మామూలువి సుమారు 500, తట్టుకునేవి 9 మిగులుతాయి. మిగిలినవే పిల్లల్ని పెడతాయి కనుక తట్టుకునే వాటి వాటా వెయ్యింట ఒకటి నుంచి దాదాపు నూటికి రెండుకు పెరిగింది. అదే మందు రెండో తరం మీద పడితే అది నూటికి 24, మూడో తరం మీద పడితే నూటికి 85 అవుతుంది. నిజం పొలంలో జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి కలుస్తాయి కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు. అయినా నడక ఇదే. మొదట ఏ మార్పూ తెలియదు, తెలిసే నాటికి చేయి దాటిపోతుంది.

కోస్తా ఆంధ్ర ఈ నడకకు భారీ మూల్యం చెల్లించింది. 1980ల ఆరంభంలో వచ్చిన పైరిత్రాయిడ్ మందులు మొదట్లో పత్తి కాయను తొలిచే మరో పురుగైన శనగపచ్చ పురుగును ఇట్టే చంపేవి. కొన్నేళ్లలోనే, 1987-88 సీజన్ నాటికి, ఎన్నిసార్లు కొట్టినా చావని శనగపచ్చ పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తినేసింది. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. మందుల్లో కల్తీ, దళారుల మోసం, అతిగా వాడకం అన్నీ చర్చకు వచ్చాయి. ఆ కారణాలకు వాటి పాత్ర వాటికుంది. వాటన్నిటి కింద పనిచేసింది మాత్రం ఈ వరణమే, అంటే తట్టుకునేవే మిగిలి సంతానాన్నివ్వడమే.

చార్లెస్ డార్విన్, ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1858లో విడివిడిగా ప్రతిపాదించిన ప్రకృతి వరణం సారాంశం కూడా ఇంతే. గుంపులో తేడాలుండాలి, ఆ తేడాలు వంశపారంపర్యంగా రావాలి, ఆ తేడాల వల్ల సంతానం సంఖ్య మారాలి. ఈ మూడూ కలిస్తే గుంపు మారక తప్పదు. తేడాలు ఎక్కడి నుంచి వస్తాయో డార్విన్‌కు తెలియదు. మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీ మొక్కల ప్రయోగాలను 1900లో శాస్త్రలోకం తిరిగి గుర్తించాక, జన్యుశాస్త్రం ఆ ఖాళీని పూరించింది.

ఒకే పొలం, ఒకే విషం, రెండు పురుగులు

బీటీ పత్తి కథలో పరిణామ సిద్ధాంతానికి మంచి పరీక్ష ఉంది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2006లో రెండు విష జన్యువులున్న రకం వచ్చింది. కాయతొలిచే పురుగులన్నిటి మీదా పడింది ఆ విషమే. అయినా గులాబీ రంగు పురుగు దాన్ని జయించింది. శనగపచ్చ పురుగు ఆ స్థాయిలో జయించలేకపోయింది. మొదటి జన్యువును తట్టుకునే గులాబీ రంగు పురుగులు గుజరాత్‌లో బయటపడినట్టు 2010లో ప్రకటన వెలువడింది. మరికొన్నేళ్లకు రెండు జన్యువుల పత్తి కూడా దాని ముందు నిలవలేదు.

తేడా ఆ పురుగుల ఆహారంలో ఉంది. శనగపచ్చ పురుగు పత్తితో పాటు కంది, శనగ, టమాటా, మొక్కజొన్న వంటి ఎన్నో పంటల మీద బతుకుతుంది. ఆ పంటల్లో బీటీ విషం లేదు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు రెక్కలొచ్చి పత్తి పొలంలో బతికి బయటపడిన ఒకటీ అరా మొండి పురుగులతో జతకడతాయి. పుట్టే సంతానానికి తట్టుకునే జన్యువు ఒక వైపు నుంచే వస్తుంది. బీటీ విషాన్ని తట్టుకోవడానికి చాలా సందర్భాల్లో ఆ జన్యువు ఇద్దరి నుంచీ రావాలి, ఒక్కటి చాలదు. అందువల్ల ఆ సంతానం మళ్లీ పత్తి కాయలోకి వెళితే చస్తుంది. గులాబీ రంగు పురుగు అలా కాదు, దాని బతుకు దాదాపుగా పత్తి మీదే. ఊరంతా బీటీ పత్తే ఉంటే దానికి జతగా దొరికేది కూడా విషాన్ని తట్టుకుని బతికినదే. అప్పుడు రెండు వైపుల నుంచీ అదే జన్యువు వస్తుంది.

ఈ సంగతి తెలిసే, బీటీ పొలం చుట్టూ ఐదు సాళ్లు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది, నాన్ బీటీ పత్తి వేయాలన్న నిబంధన పెట్టారు. చాలా ఏళ్ల పాటు 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు విడిగా 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది అందుకే. చాలాచోట్ల ఆ చిన్న ప్యాకెట్ పొలానికి చేరలేదు. కౌలు కట్టి సాగు చేసే రైతు తన భూమిలో ఐదో వంతు పురుగుకు వదిలేయాలంటే కారణం అర్థం కావాలి. ఆ కారణాన్ని చెప్పిన వారు తక్కువ. నష్టం రైతు ఒక్కడిది, లాభం ఊరందరిది అయినప్పుడు నియమం కాగితం మీదే మిగులుతుంది. దీనికి తోడు మన దగ్గర అమ్మే బీటీ విత్తనాలు హైబ్రిడ్‌లు. హైబ్రిడ్ మొక్క కాయలోని గింజలన్నిటికీ విష జన్యువు అందదు. ఒకే కాయలో విషమున్న గింజ, లేని గింజ పక్కపక్కనే ఉంటాయి. తట్టుకునే జన్యువు ఒక వైపు నుంచే వచ్చిన పురుగుకు కూడా బతికే అవకాశం అక్కడ దొరికింది. పంటను నెలల తరబడి పొడిగించడం మరో కారణం. కాయ ఎంతకాలం చేలో ఉంటే పురుగుకు అన్ని తరాలు అదనం.

అమెరికాలోని అరిజోనాలో ఇదే పురుగు, ఇదే పత్తి వేరే ఫలితాన్నిచ్చాయి. అక్కడ 1996 నుంచి బీటీ పత్తి సాగవుతోంది. నాన్ బీటీ పత్తి వేయాలన్న నియమాన్ని రైతులు బాగానే పాటించారు, పురుగు ఏళ్ల తరబడి విషానికి లొంగే ఉంది. 2006 నుంచి సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను పెద్ద సంఖ్యలో వదిలారు. 2018లో అమెరికా ప్రభుత్వం తమ పత్తి పొలాల్లో గులాబీ రంగు పురుగు నిర్మూలన పూర్తయిందని ప్రకటించింది. రెండు దేశాల్లోనూ పురుగు తెలివితేటలు ఒక్కటే, విషం ఒక్కటే. జతకట్టే పురుగుల్లో ఎవరి వాటా ఎంత అన్నదే మారింది.

మిరప ఘాటు ఎవరి కోసం?

వరణం ఎప్పుడూ ఒకే వైపు లాగదు. గుంటూరు మిర్చికి పేరు తెచ్చిన ఘాటు అందుకు ఉదాహరణ. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. పోర్చుగీసు వారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. బొలీవియాలోని అడవి మిరప మొక్కల్లో ఘాటైన కాయలు కాసేవి, చప్పటి కాయలు కాసేవి ఒకే చోట పెరుగుతాయి. అక్కడ జరిగిన పరిశోధనల్లో ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ గింజలను పాడుచేసే ఒక బూజును అడ్డుకుంటుందని తేలింది. కాయకు రంధ్రాలు చేసే నల్లుల వంటి పురుగులు ఎక్కువగా ఉన్న చోట బూజు బెడద ఎక్కువ, అక్కడ ఘాటు మొక్కల వాటా కూడా ఎక్కువ. పొడి నేలల్లో మాత్రం ఘాటు మొక్కలకు నష్టం. నీటి ఎద్దడి వస్తే అవి చప్పటి వాటి కన్నా తక్కువ గింజలిస్తాయి. అందుకే రెండు రకాలూ మిగిలాయి. పండు తిని గింజలను దూరాన వదిలే పక్షులకు క్యాప్సైసిన్ మంట తెలియదు, గింజలను నమిలేసే ఎలుకలకు తెలుస్తుంది. ఆ లెక్కన కూడా మొక్కకు లాభమే.

ఆ తర్వాత పని మనిషి చేతికి వచ్చింది. అడవి మిరపకాయ చిన్నది, పైకి నిలబడి ఉంటుంది, పండగానే తొడిమ నుంచి ఊడుతుంది. కోతకు వీలైన, వేలాడే పెద్ద కాయల గింజలనే మనుషులు తరతరాలుగా దాచారు. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫాంలో శాస్త్రవేత్తలు ఎంపిక చేసిన రకాలు ఆ పరంపరలోవే. ఇంత మారినా అది ఇంకా అదే జాతి. మెక్సికోలోని అడవి మిరపతో గుంటూరు మిర్చిని కలిపితే సంతానం వస్తుంది. రూపంలో ఎంత తేడా వచ్చినా కొత్త జాతి పుట్టినట్టు కాదు.

గీత ఎక్కడ?

ఏది జాతి, ఏది రకం అని తేల్చడానికి ఎక్కువగా వాడే కొలమానం 1942లో ఎర్నెస్ట్ మేయర్ స్పష్టం చేసినది. ప్రకృతిలో తమలో తాము జతకట్టి సారవంతమైన సంతానాన్ని ఇచ్చే, ఇతర గుంపులతో అలా కలవని జీవుల సమూహమే జాతి. గుర్రం, గాడిద కలిస్తే కంచరగాడిద పుడుతుంది గానీ దానికి పిల్లలు పుట్టవు. కాబట్టి అవి రెండు జాతులు. అన్ని చోట్లా గీత ఇంత చక్కగా పడదు. మనం పండించే మిరపకు, ఈశాన్య రాష్ట్రాల నాగా మిర్చికి జాతి వేరు. అయినా శ్రమపడి సంకరం చేస్తే కొన్ని గింజలు మొలుస్తాయి. దక్షిణ అమెరికాకు చెందిన మరో సాగు జాతితో కలిపితే పిండం చాలాసార్లు మధ్యలోనే చచ్చిపోతుంది. బ్యాక్టీరియా లాంటి వాటికి జతకట్టడమే లేదు కాబట్టి ఈ కొలమానం వర్తించదు. జాతుల మధ్య గోడ ఒక్కరోజులో లేవదు కనుక, సగం లేచిన గోడలు ప్రకృతిలో ఎన్నో కనిపిస్తాయి. అవి పరిణామ సిద్ధాంతానికి ఇబ్బంది కాదు. జాతులు నెమ్మదిగా ఏర్పడతాయంటే కనిపించాల్సింది అవే.

అడ్డం వచ్చిన సముద్రం

కొత్త జాతులు పుట్టే మార్గాల్లో అన్నిటికన్నా సాధారణమైనది భౌగోళికంగా విడిపోవడం. ఒక సమూహం మధ్యలోకి సముద్రమో, ఎడారో, కొండో వస్తుంది. అటు గుంపులో వచ్చే మార్పులు ఇటు రావు, ఇటువి అటు పోవు. ఏది అడ్డమన్నది జీవిని బట్టి ఉంటుంది. విజయవాడ, తాడేపల్లి మధ్య కృష్ణానది కాకికి అడ్డం కాదు, నేల మీద పాకే నత్తకు అదే పెద్ద సరిహద్దు.

తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ బంగారు బల్లి. తిరుమల, శేషాచలం కొండల్లోనూ తూర్పు కనుమల్లోని మరికొన్ని చోట్లా రాళ్ల నెరల్లో ఉండే ఈ బల్లి ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల సముదాయంలో, ఉన్నవి రెండే జాతులు. ఒకటి ఇక్కడ, రెండోది శ్రీలంకలో. హిమయుగాల్లో సముద్రమట్టం తగ్గినప్పుడల్లా భారత్, శ్రీలంక మధ్య నేల తేలింది, పెరిగినప్పుడల్లా మునిగింది. రాతి గుట్టలను వదిలి దూరం పోలేని జీవికి ఎడబాటు శాశ్వతమైంది.

విడిపోయినంత మాత్రాన సంకరం ఎందుకు చెడిపోవాలన్నది డార్విన్‌ను కూడా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. 1930లు, 40లలో జన్యుశాస్త్రవేత్తలు థియోడోసియస్ డాబ్‌ఝాన్‌స్కీ, హెర్మన్ మల్లర్ దానికి జవాబిచ్చారు. అటు గుంపులో ఒక జన్యువు మారి స్థిరపడింది. దానికి అక్కడి మిగతా జన్యువులతో పొత్తు కుదిరింది. ఇటు గుంపులో వేరే జన్యువు మారి స్థిరపడింది. దానికీ ఇక్కడ ఇబ్బంది లేదు. ఈ రెండు మార్పులూ ఒకే శరీరంలో కలిసి పని చేయాల్సిన అవసరం మాత్రం అంతకు ముందెప్పుడూ రాలేదు. సంకర జీవిలో మొదటిసారి కలుస్తాయి, అక్కడ పొసగదు. పిండం చావొచ్చు, లేదా పెరిగినా గొడ్డుబోవచ్చు. ఇక్కడ సంకరాన్ని చెడగొట్టాలని ఏ శక్తీ పనిచేయలేదు. రెండు గుంపులూ తమ తమ చోట్ల సవ్యంగా బతకడం వల్లే మధ్యలో గోడ లేచింది.

శనగపచ్చ పురుగు మళ్లీ ఇక్కడికి వస్తుంది. దాని పూర్వీకుల్లో కొన్ని సుమారు 15 లక్షల ఏళ్ల క్రితం అమెరికా ఖండాలకు చేరి, అక్కడ మొక్కజొన్న కంకిని తినే వేరే జాతిగా మారాయని జన్యు అంచనాలు చెబుతున్నాయి. 2013లో శనగపచ్చ పురుగు బ్రెజిల్‌లో ఉన్నట్టు నిర్ధారణ అయింది. అన్ని లక్షల ఏళ్ల తర్వాత కలుసుకున్న ఈ రెండూ సంకరం చెందాయి, సంతానం బతికింది. అంతేకాదు, పైరిత్రాయిడ్ మందులను తట్టుకునే జన్యువు ఒకటి శనగపచ్చ పురుగు నుంచి అమెరికా జాతిలోకి ప్రవేశించి అక్కడి పురుగుల్లో వేగంగా వ్యాపించింది. 1980లలో గుంటూరు పత్తిని దెబ్బతీసిన లక్షణం లాంటిదే, సగం లేచిన గోడను దాటి మరో జాతికి చేరింది.

విడిపోకుండానే విడిపోవడం

ఒకే చోట ఉంటూ జాతులు చీలడం సాధ్యమా అన్నది చాలాకాలం నలిగిన వాదం. ఈ వాదంలో ఒక తెలుగు పేరుంది. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, పరిణామ గణితానికి పునాదులు వేసిన వారిలో ఒకరైన జె.బి.ఎస్. హాల్డేన్‌కు శిష్యుడు. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చారు. అక్కడ కృష్ణారావు లాంటానా పొదల మీద వాలే సీతాకోకచిలుకలను గమనించారు. పక్కపక్కనే వేర్వేరు రంగుల్లో పూసే పొదలున్నా, కొన్ని జాతుల సీతాకోకచిలుకలు ఒక రంగు పూలనే ఎక్కువగా ఎంచుకుంటున్నాయి. పుప్పొడి మోసే కీటకం రంగును పట్టి తిరిగితే ఒక రంగు మొక్కల పుప్పొడి రెండో రంగు మొక్కలకు చేరడం తగ్గుతుంది. ఒకే తోటలో జాతి చీలికకు అదొక దారి కావచ్చని 1960లో ప్రచురించిన పత్రంలో ఆయన సూచించారు. ఖరీదైన పరికరం ఏదీ లేకుండా, ఓపికగా కూర్చుని లెక్కపెట్టి తీసిన ఆలోచన అది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి చోటుండాల్సింది.

కీటకాల్లో తరచూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని ఒక పండు ఈగది. అక్కడి అడవి కాయల మీద బతికే ఈ ఈగల్లో కొన్ని, బయటి నుంచి వచ్చిన ఆపిల్ చెట్లకు 19వ శతాబ్దం మధ్యలో మారాయి. ఏ పండు మీద పెరిగితే ఆ పండు దగ్గరే జతకడతాయి కనుక, రెండు గుంపులూ విడిపోయే దారిలో ఉన్నాయి.

ఒకటి రెండు తరాల్లో కొత్త జాతి

పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. ఆ బోర్డు పర్యవేక్షించే పంట పుట్టుక, జాతులు ఎంత త్వరగా ఏర్పడగలవో చెబుతుంది. సాగు పొగాకు కణంలో జన్యువులను మోసే పోగులు, అంటే క్రోమోజోములు, 48. దక్షిణ అమెరికాలో ఇప్పటికీ పెరిగే రెండు అడవి జాతుల్లో 24 చొప్పున ఉంటాయి. ఆ రెంటి పూర్వీకుల సంకరమే పొగాకు. అది జరిగి 2 లక్షల ఏళ్లు కూడా కాలేదని అంచనా, జాతుల వయసుల్లో చాలా చిన్నది.

ఇందులోని కిటుకు క్రోమోజోముల జతలో ఉంది. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు ప్రతి క్రోమోజోమూ తన జతను వెతుక్కుని పక్కన చేరాలి, ఆపైన సగం సగంగా విడిపోవాలి. దూరపు జాతుల సంకరంలో తల్లి నుంచి వచ్చిన 12, తండ్రి నుంచి వచ్చిన 12 ఒకదానికొకటి సరిపడవు. జత కుదరక పుప్పొడి చెడుతుంది, మొక్క గొడ్డుదవుతుంది. అరుదుగా కణవిభజనలో పొరపాటు జరిగి మొత్తం సంఖ్య రెట్టింపవుతుంది. అప్పుడు ప్రతి క్రోమోజోముకూ అచ్చంగా తనలాంటి తోడు దొరుకుతుంది. మొక్క మళ్లీ సారవంతమవుతుంది. అదే మొక్కను తల్లి జాతితో కలిపితే మాత్రం లెక్క కుదరదు, వచ్చే సంతానం గొడ్డుదే. అంటే రెండు మాతృజాతుల నుంచీ వేరుపడిన కొత్త జాతి పుట్టింది.

పత్తి చరిత్ర కూడా ఇదే, కాకపోతే మరింత ప్రాచీనం. దేశవాళీ పత్తిలో 26 క్రోమోజోములు, నేడు దాదాపు అన్ని పొలాల్లో కనిపించే అమెరికన్ పత్తిలో 52. ఈ 52లో సగం ఆఫ్రికా, ఆసియా పత్తుల వంశానివి, సగం అమెరికా ఖండంలోని అడవి పత్తి వంశానివి. 10 నుంచి 20 లక్షల ఏళ్ల క్రితం ఈ రెండు వంశాలు కలిసి, క్రోమోజోములు రెట్టింపై అమెరికన్ పత్తి వంశం మొదలైందని జన్యు ఆధారాలు చెబుతున్నాయి. దేశవాళీ పత్తిని అమెరికన్ పత్తితో సంకరం చేస్తే 39 క్రోమోజోముల గొడ్డు మొక్క వస్తుంది. కొత్త వంగడాలు రూపొందించే ప్రజననకారులు కాల్చిసిన్ అనే రసాయనంతో ఆ సంఖ్యను రెట్టింపు చేసి దారి తెరుస్తారు. ప్రకృతిలో యాదృచ్ఛికంగా జరిగినదాన్ని వారు కావాలని చేస్తున్నారు.

వేరుశనగ కూడా రెండు అడవి జాతుల కలయికే. ఆవకాయలో పడే ఆవాలలో 36 క్రోమోజోములున్నాయి. 20 ఉన్న ఒక జాతి, 16 ఉన్న నల్ల ఆవ కలిసి అది ఏర్పడిందని 1935లో నాగహారు ఊ అనే శాస్త్రవేత్త చూపారు. ఇవన్నీ జరిగిపోయిన తర్వాత కూపీ లాగినవి. కళ్ల ముందు జరిగినదీ ఉంది. 20వ శతాబ్దం ఆరంభంలో యూరప్ నుంచి అమెరికా పశ్చిమ ప్రాంతానికి చేరిన కొన్ని పూల మొక్కలు అక్కడ సంకరమై రెట్టింపయ్యాయి. 1950లో వాటిని రెండు కొత్త జాతులుగా వర్ణించారు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఆ జాతులు భూమి మీద ఎక్కడా లేవు.

జంతువుల్లో ఈ రెట్టింపు దారి చాలా అరుదు. వాటిలో జాతులు ఏర్పడే వేగం వేరు, ఆధారాలు వెతికే పద్ధతి వేరు. గాలపాగోస్ దీవుల్లో 1973 నుంచి పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు చేసిన పరిశీలనలు ఇందుకు ప్రసిద్ధం. 1981లో వేరే దీవి నుంచి వచ్చిన ఒక పెద్ద పిచ్చుక స్థానిక పిచ్చుకతో జతకట్టింది. దాని వంశం పాట, ముక్కు పరిమాణం తేడాల వల్ల కొద్ది తరాల్లోనే స్థానిక పక్షులతో కలవడం మానేసి తమలో తామే జతకట్టసాగింది.

కోతులు ఇంకా ఎందుకున్నాయి?

2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషిగా మారడం మన పూర్వీకులెవరూ చూడలేదని అన్నప్పుడు దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఖండన ప్రకటన ఇచ్చాయి. కోతి నుంచి మనిషి పుడితే కోతులు ఇంకా ఎందుకున్నాయన్న ప్రశ్న మాత్రం తరచూ వినిపిస్తూనే ఉంది. పెదనాన్న పిల్లల నుంచి మనం పుట్టలేదు, వాళ్లకూ మనకూ తాత ఒక్కరే. చింపాంజీ, మనిషి వంశాలు ఒకే పూర్వీకుడి నుంచి సుమారు 60-70 లక్షల ఏళ్ల క్రితం విడిపోయాయి. మన ఊళ్లలో కనిపించే కోతుల వంశం అంతకన్నా ఎంతో ముందు, రెండున్నర కోట్ల ఏళ్ల క్రితం నాటికే వేరయింది. చింపాంజీకి 48, మనిషికి 46 క్రోమోజోములు. మనిషి రెండో క్రోమోజోములో, రెండు పాత క్రోమోజోములు కొసలతో అతుక్కున్న చోటు ఇప్పటికీ గుర్తించగలిగేలా ఉంది.

పాఠం ఎవరికి అందాలి

పరిణామం పూర్తిగా పోలేదు, 12వ తరగతి జీవశాస్త్రంలో ఉందన్నది తొలగింపును సమర్థించే వాదన. అది నిజమే. ఇంటర్‌లో జీవశాస్త్రం తీసుకునేది కొందరే. పదో తరగతితో చదువు ఆపి సేద్యంలోకి, పురుగుమందుల దుకాణంలోకి వెళ్లేవారికి ఆ పాఠం ఇక అందదు. బీటీ పక్కన నాన్ బీటీ విత్తనం ఎందుకు వేయాలో, వరసగా ఒకే మందు ఎందుకు కొట్టకూడదో అందరికన్నా ఎక్కువగా తెలియాల్సింది వారికే. ఈ కోణంలో చూస్తే, పత్తి పండే జిల్లాల్లో ఈ పాఠం వ్యవసాయ విద్యలో భాగం.

గులాబీ రంగు పురుగు మీద ఇప్పుడు మరో ఆయుధం వాడకంలోకి వస్తోంది. ఆడ రెక్కల పురుగు విడుదల చేసే వాసనను కృత్రిమంగా తయారు చేసి, దాన్ని నింపిన తాళ్లను మొక్కలకు కడతారు. పొలమంతా ఆ వాసనే ఉండటంతో మగ పురుగుకు ఆడది ఎక్కడుందో తెలియదు, జత కుదరదు. విషం లేదు, పంటకు హాని లేదు. అయినా వరణం దీనికీ వర్తిస్తుంది. జపాన్ తేయాకు తోటల్లో ఆకుచుట్టు పురుగు మీద ఇదే పద్ధతిని ఏళ్ల తరబడి వాడగా అది పనిచేయడం మానేసింది. అక్కడ వాడింది సహజ వాసనలోని ఒకే ఒక రసాయనాన్ని. ఆ అడ్డంకిని దాటి జత వెతుక్కోగల పురుగులే సంతానాన్నిచ్చాయి. రెక్కల పురుగుల్లో జాతులు చీలే దారుల్లో జతను పిలిచే వాసన మారడం కూడా ఒకటి కాబట్టి, శాస్త్రవేత్తలు ఆ మార్పును శ్రద్ధగా చదివారు. ఒక్క రసాయనం బదులు సహజ వాసనలో ఉన్న నాలుగు భాగాలనూ కలిపి వాడాక ఆ పద్ధతి తిరిగి పనిచేసింది.